టికెట్ మీద మా షాపు ముద్ర

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న రాయగడలో, స్టేషన్‌కి వెళ్ళే రోడ్డులో నాకో చిన్న షాపు ఉంది. జిరాక్స్, లామినేషన్, ఆధార్ ప్రింట్లు, రైలు టికెట్లు, ఉద్యోగాల అప్లికేషన్లు. బోర్డు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయించాను గానీ షాపులో సగం మాటలు తెలుగులోనే నడుస్తాయి. 1936లో మద్రాసుకీ ఒడిశాకీ మధ్య గీత ఎక్కడ గీసినా మా వీధులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నన్ను అందరూ 'జిరాక్స్ అప్ప' అంటారు. మా వైపు అక్కని అప్ప అంటాం.

ఈ షాపులో కూర్చుంటే ఆఫీసుల వాళ్ళకన్నా ముందే నాకు కొన్ని సంగతులు తెలిసిపోతాయి. ఎవరికి పెళ్ళయింది (ఆధార్‌లో అడ్రసు మార్పు), ఎవరు పొలం అమ్ముకుంటున్నారు (పట్టా జిరాక్సులు), ఏ ఊరి ఆడపిల్లలు బయటికి పోతున్నారు. మూడోది తెలియడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. ఒక పీఎన్‌ఆర్‌లో ఆరుగురికి మించి పట్టరు. ఒకే మనిషి వచ్చి ఆరు ఆధార్ కాపీలు బల్ల మీద పెట్టి, బొకారోలో తిరుప్పూరుకి చెయ్యమంటాడు. కార్డుల మీద పుట్టిన సంవత్సరాలన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆరుగురికీ కలిపి ఫోన్ నంబరు ఒక్కటే. అది ఆ వచ్చిన మనిషిదే.

బొకారో అంటే ధన్‌బాద్ నుంచి అలెప్పీ పోయే ఎక్స్‌ప్రెస్. అది బొకారో నుంచి బయల్దేరడం మానేసి ఎన్నాళ్ళయినా మాకది బొకారోనే. ఇక్కడ ఎక్కితే పార్వతీపురం, విజయనగరం, విశాఖ, విజయవాడ మీదుగా పోయి సేలం, ఈరోడ్, తిరుప్పూరు, కోయంబత్తూరు వరసగా తగులుతాయి. నూలు మిల్లులూ బట్టల ఫ్యాక్టరీలూ ఆ వరసలోనే ఉన్నాయి. మధ్యలో బండి మారే పని లేదు. ఇక్కడి కోదు ఆదివాసులు మాట్లాడే కుయి తప్ప ఇంకే భాషా సరిగ్గా రాని పిల్లని వెయ్యి కిలోమీటర్లు దాటించి తీసుకుపోయేవాళ్ళకి అది ఎంత సదుపాయమో ఆలోచించండి.

నాలుగేళ్ళ కిందట ఒక రాత్రి పదకొండు దాటాక తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "అప్పా, నువ్వే కదా మాకు టికెట్ చేసినావు?" అని గుసగుసగా ఒక ఆడపిల్ల గొంతు. బిస్సంకటక్ అవతల ఊరి పేరు చెప్పింది. నాకు ముఖం గుర్తు రాలేదు. నా నంబరు ఎవరిచ్చారని అడిగాను.

"టికెట్ కాయితం మీద నీ ముద్ర ఉంది."

నేను ప్రతి ప్రింటు కిందా షాపు రబ్బరు స్టాంపు కొడతాను. పేరు, సెల్ నంబరు, కింద ఒక పువ్వు. గిరాకీ కోసం కొట్టించిన స్టాంపు అది. ఆ పిల్ల ఫోను హాస్టల్ వార్డెన్ దగ్గరుంది. ఇంట్లోవాళ్ళ నంబర్లన్నీ ఆ ఫోనులోనే. ఆధార్ కార్డు మిల్లు ఆఫీసులో ఉంది. ఇక మిగిలింది రేకుపెట్టె అడుగున మడతపెట్టిన టికెట్ కాయితం. దాని మీద మా స్టాంపు. మెస్‌లో వంట చేసే ఆవిడ ఫోను అడిగి తీసుకుని, స్నానాల గదిలోకి పోయి చేసింది.

ఆమెకి పదిహేను రోజులుగా దగ్గు, జ్వరం. దూది పొట్టు పడలేదు. ఇంటికి పోతానంటే అడ్వాన్సు తీరలేదు పొమ్మన్నారు. ఊళ్ళో వాళ్ళ నాన్న చేతికి ఇచ్చింది పదివేలు. దానికి రైలు టికెట్టు, వేన్ ఛార్జీ, దుప్పటి, బకెట్టు, మెస్ డబ్బు కలిపారు. జ్వరంతో పడుకున్న రోజులకి జీతం కొయ్యడమే కాకుండా తిండి ఖర్చు ఎక్కించారు. ఎనిమిది గంటలని చెప్పిన పని పన్నెండు గంటలు నడుస్తోంది. ఇంకో మూడు నెలలు చేస్తే గానీ లెక్క సరిపోదట. ఆ లెక్క ఎవరి పుస్తకంలో ఉందో ఆమె చూడలేదు.

"ఎక్కడున్నావమ్మా?"

"మిల్లులో."

"ఏ మిల్లు? ఏ ఊరు?"

"తిరుప్పూరులో దిగినాం. అక్కడ్నుంచి వేన్‌లో చానాసేపు తెచ్చినారు. గేటు నీలంరంగు. పక్కన గుడి ఉంది." బోర్డు తమిళంలో ఉంది. ఫోను పెట్టేసింది.

మర్నాడు ఒక హెల్ప్‌లైన్‌కి ఫోను చేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గానే మాట్లాడింది. జిల్లా పేరు చెప్పండి, మిల్లు పేరు చెప్పండి, దగ్గర్లో పోలీస్ స్టేషన్ ఏదో చెప్పండి అంది. నా దగ్గర నీలంరంగు గేటు, గుడి ఉన్నాయి. తమిళనాడులో గుడి పక్కన గేటు అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

ఇప్పుడు ఆ టికెట్లు చేయించిన మనిషి సంగతి చెప్పాలి. ఆవిడ కూలీల్ని కుదిర్చి తీసుకుపోయే మగ సర్దారు కాదు. మా వీధి చివర ఉండే తెలుగావిడ. నేను పిన్ని అని పిలుస్తాను. తను కూడా పదహారేళ్ళ కిందట కోయంబత్తూరు వైపు మిల్లులో పనిచేసింది. కోయంబత్తూరు చుట్టుపక్కల తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు; సూపర్‌వైజర్లతో తెలుగులో నెట్టుకురావచ్చు. పిన్నికి ఇక్కడి సంతలో కుయి వచ్చు, బజార్లో ఒడియా వచ్చు, అక్కడ తెలుగుతో పాటు కాస్త తమిళం వచ్చు. ఆవిడ పెట్టుబడి ఇంతే. పల్లెలో తల్లులు ఆవిడని నమ్మడానికి కారణమూ ఇదే. 'అక్కడి భాష తెలిసిన మనిషి, ఆడమనిషి, పిల్లని చూసుకుంటుంది.' ఆడవాళ్ళ అక్రమ రవాణా అనగానే మనకి బొమ్మల్లో కనిపించే మీసాలవాడు గుర్తొస్తాడు. మా సరిహద్దులో ఆ పని చాలాసార్లు చేసేది పిన్నిలూ వదినలూ, నిరుడు అదే దారిన పోయొచ్చిన పెద్దపిల్లలూ.

నాలుగు రోజులు సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. మొదటిరోజు టీ ఇచ్చింది. రెండోరోజు ఇవ్వలేదు. మూడోరోజు అరిచింది.

"నేను అమ్మేస్తన్నానేటే? తిండికి నేని గుంటలకి పని చూపిస్తన్నాను. నీకు పాపం అనిపిస్తే నువ్వు పెట్టు పదేలు."

నాలుగోరోజు అసలు సంగతి బయటపడింది. తలకింత అని ఆవిడకి ముందు సగమే ఇస్తారు. పిల్ల మూడు నెలలు నిలబడితే మిగతా సగం. పిల్ల మధ్యలో వచ్చేస్తే మునుపిచ్చింది కూడా తర్వాతి పిల్లల లెక్కలో కోసేస్తారు. అంటే ఆ పిల్ల అప్పుకి కట్టుబడి ఉన్నట్టే పిన్నీ తన కమిషన్‌కి కట్టుబడి ఉంది. చివరికి విసుగొచ్చి మిల్లు పేరూ ఊరూ చెప్పింది. అప్పుడు మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టాను. మొదటి ఫోను వచ్చిన పంతొమ్మిదో రోజున ఆ పిల్ల స్టేషన్లో దిగింది. జీతం బాకీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. కేసూ పెట్టలేదు. వాళ్ళ నాన్నే వద్దన్నాడు. రెండో కూతురు ఉంది, రేపు పిన్నితో పని పడుతుంది.

నేను తలపెట్టిన వాదన ఇక్కడ మొదలవుతుంది. అక్రమ రవాణా ఆపాలి అంటే మా ఊళ్ళో మీటింగుల్లో రెండే మాటలు వింటాను. ఒకటి, 'ఆడపిల్లల్ని పంపకండి.' రెండు, 'స్టేషన్లో పట్టుకోవాలి.' ఈ రెండిటితోనూ నాకు పేచీ ఉంది.

పంపకండి అనేవాళ్ళు ఎప్పుడూ ఆ పిల్లల ముఖాలు బండెక్కేటప్పుడు చూసి ఉండరు. అప్పు, ఒకే పంట పండే కొండవాలు పొలం, తాగే తండ్రి, ఇవన్నీ నిజమే. కానీ ఆ పిల్లలు ఏడుస్తూ ఎక్కరు. కొత్త చుడీదార్లు వేసుకుని, ప్లాట్‌ఫారం మీద సెల్ఫీలు దిగుతూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎక్కుతారు. సొంత డబ్బు, సొంత ఫోను, పెళ్ళి రెండేళ్ళు వెనక్కి జరపడం. ఇరవయ్యేళ్ళ మా మేనల్లుడు బెంగుళూరు పోతే 'ఎదుగుతున్నాడు' అన్న నోటితోనే, అదే వయసు కోదు పిల్ల తిరుప్పూరు పోతే 'మోసపోతోంది' అంటున్నాం. ఆమెకి బుర్ర లేదనే కదా మన ఉద్దేశం?

ఇక స్టేషన్లో పట్టుకోవడం. రైల్వే రక్షణ దళం 2022 నుంచి 'ఆపరేషన్ ఆహట్' పేరుతో ఈ పని చేస్తోంది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో నేను దానికి చేతులెత్తి మొక్కుతాను. ఆధార్ కాపీ మీద పుట్టిన సంవత్సరం మార్చి జిరాక్స్ తియ్యమని నన్నే అడిగినవాళ్ళున్నారు. ఆ పిల్లల్ని ఎవరో ఒకరు ఆపాలి. మేజర్ అయిన ఆడమనిషిని దింపితే ఏమవుతుందో కూడా చూశాను. ఒకసారి ఇద్దర్ని దింపారు, తండ్రుల్ని పిలిపించి సంతకాలు పెట్టించి పంపేశారు. పది రోజుల తర్వాత ఆ ఇద్దరూ బస్సులో పార్వతీపురం పోయి అక్కడ అదే బొకారో ఎక్కారు. గంటన్నర ప్రయాణం, వేరే రాష్ట్రం, వేరే పోలీసులు. ఈసారి టికెట్టు నా దగ్గర చేయించలేదు. కాబట్టి కాయితం మీద ముద్ర కూడా లేదు.

ఆ పిల్ల కథలో ప్రమాదం రైలెక్కడంలో లేదు. దిగిన చోటి నుంచి, తనకి కావాలనిపించిన రోజున, వెనక్కి రాలేకపోవడంలో ఉంది. ఫోను ఒకరి దగ్గర, ఆధార్ ఒకరి దగ్గర, అప్పు లెక్క ఒకరి దగ్గర, ఉన్న ఊరి పేరు ఎవరి దగ్గరా లేదు. నివారణ అనే మాటకి నాకు తోచిన అర్థం ఒక్కటే: ఆమె ఏ రోజైనా తిరిగి బయల్దేరగలదా? ఈ ప్రశ్న పెట్టుకుని చూస్తే చట్టాలు కూడా వేరేగా కనపడతాయి.

మా రాష్ట్రానికి ఈ విషయంలో పాత అనుభవం ఉంది. ముందు డబ్బిచ్చి, గుంపులుగా కూలీల్ని బయటి రాష్ట్రాలకి తోలుకుపోవడాన్ని ఇక్కడ 'దాదన్' అంటారు. దాన్ని అదుపు చెయ్యడానికి ఒడిశా 1975లోనే చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. దానికి ప్రేరణ కూడా ఈ దాదన్ కూలీల గోడే. ఆ చట్టం ప్రకారం మనుషుల్ని తీసుకుపోయే కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలి. ప్రతి మనిషికీ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి. ఎక్కడ పని, ఎంత జీతం, ఎంత అడ్వాన్సు అన్నీ అందులో రాయాలి. ఇన్నేళ్ళలో కొన్ని వేల కాయితాలు జిరాక్స్ తీసి ఉంటాను. అలాంటి పాస్‌బుక్ ఒక్కటి కూడా నా గాజుపలక మీదికి రాలేదు.

అందులోనే ఇంకో అంశం ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇల్లు వదిలి పోతున్నందుకు భత్యం. పనిలోకి తీసుకునేటప్పుడే నెల జీతంలో సగం, కనీసం 75 రూపాయలు, కాంట్రాక్టరు ఇవ్వాలి. తిరిగి అడగకూడదు, జీతంలో కొయ్యకూడదు. ఒక్కసారి ఊహించండి. ఇంటికి కావలసిన మొదటి డబ్బు అప్పుగా కాకుండా హక్కుగా వస్తే, పదివేల అడ్వాన్సు కోసం కూతుర్ని పుస్తకంలో రాయించే అవసరం ఎంతమందికి ఉండేది? విషానికి విరుగుడు చట్టంలోనే ఉండేది, ఎవరూ సీసా మూత తియ్యలేదు. 2020లో చేసిన కొత్త వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది, పాత చట్టం అందులో కలిసిపోయింది. కొత్తదాంట్లో పోను రాను ఛార్జీల మాట ఉంది. తనంతట తాను వలస పోయిన మనిషిని కూడా వలస కార్మికురాలిగా లెక్కిస్తారు, అది మంచి మార్పే. ఆ సగం జీతం భత్యం మాత్రం కనపడదు. పైగా మునుపు అయిదుగురు ఉంటే చాలు, ఇప్పుడు పదిమంది వలస కార్మికులు ఉన్నచోటికే ఆ నిబంధనలు. ముగ్గుర్ని ఒక మిరప చేనుకీ, నలుగుర్ని ఒక చిన్న బట్టీకీ, ఒకర్ని ఒకరి ఇంటి పనికీ పంపేవాళ్ళు వలలోంచి చిన్నచేపల్లా జారిపోతారు. ఇంటి పనికి పోయిన ఆడమనిషి సంగతి అసలే ఎవరికీ పట్టదు.

ఇటుక బట్టీల సంగతి చెప్పకపోతే ఈ అడ్వాన్సు గొడవ పూర్తి కాదు. పడమటి ఒడిశాలోని కలహండి, నువాపడ, బలంగీర్ వైపు నువాఖాయ్ పండగ దగ్గరపడుతుండగా సర్దార్లు తిరుగుతారు. కొత్త బియ్యం పండగ, చేతిలో డబ్బుండదు. మొగుడూ పెళ్ళాం, ఒక పిల్లో పిల్లాడో కలిపి ఒక యూనిట్‌గా లెక్కకట్టి అడ్వాన్సు ఇస్తారు. దాన్ని 'పథురియా' అంటారు. మగవాడు అచ్చు పోస్తే ఆడది మట్టి కలిపి మోసి అందిస్తుంది, పిల్ల ఇటుకలు తిరగేస్తుంది. కూలి వెయ్యి ఇటుకలకి ఇంత. రాసుకునేది మగవాడి పేరు. ఆమె వేలిముద్ర లేదు, ఆమె పేరున పద్దు లేదు, ఆమె ముట్టుకోని డబ్బుకి ఆమె ఆర్నెల్లు తాకట్టు. తెలంగాణలో, మన ఉత్తరాంధ్రలో బట్టీల పక్కనుంచి పోయేటప్పుడు ఆ చీరలు కనపడతాయి. వాళ్ళ జీతం ఎంతని బట్టీ యజమానిని అడిగితే ఆయన నిజంగానే తెల్లమొహం వేస్తాడు. ఎందుకంటే అలాంటి అంకె ఏ పుస్తకంలోనూ లేదు. వేతనం ఎవరి పని వాళ్ళ చేతికే, వాళ్ళ ఖాతాలోకే పడాలి అనే ఒక్క నియమం బట్టీ దగ్గర నిలబెట్టగలిగితే సగం కథ మారుతుంది.

భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల షెడ్లకి పోయినవాళ్ళు వేళ్ళు చూపిస్తారు. ఐసు నీళ్ళలో గంటల తరబడి ఒలిచి ఒలిచి గోళ్ళ పక్కన చర్మం పాలిపోయి ఉంటుంది. వాళ్ళ వేలిముద్ర నా మెషీన్ మీద పడదు. మూడుసార్లు తుడిచి, నాలుగోసారి పెట్టించి, చివరికి కంటిపాప స్కాన్‌కి పంపుతాను.

'ఇష్టపడే పోయింది కదా, ఇందులో నేరం ఏముంది?' అనేది ప్రతి స్టేషన్లోనూ వినపడే ప్రశ్న. ఈ ప్రశ్నకి జవాబు చట్టంలో స్పష్టంగా ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం, మోసం చేసో బలవంతపెట్టో ఆశ చూపించో దోపిడీ కోసం మనిషిని తరలిస్తే, ఆ మనిషి ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. అంతకన్నా ముందే, ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో ఇంకా లోతైన మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. ఆకలి కూడా ఒక బలవంతమే. నాకు కోర్టు భాష అంతగా తెలియదు గానీ ఈ తీర్పు సారాంశం మాత్రం తెలుగులో టైపు చేసి కౌంటర్ వెనక అంటించాను. పిన్ని దాన్ని చదివి, "ఇదంతా మనకెందుకే" అని తల తిప్పేసింది.

వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976 నాటిది. అలాంటి అప్పు చెల్లదని, తీర్చక్కర్లేదని అది చెబుతుంది. విముక్తి పొందిన ఆడమనిషికి కేంద్ర పథకం కింద రెండు లక్షలు, రవాణాకి గురై ఘోరంగా దోపిడీ జరిగితే మూడు లక్షల దాకా సాయం ఉంది. అందులో తక్షణం ఇచ్చేది 30 వేల దాకా. మిగతాది కేసు తేలడంతో ముడిపడి ఉంటుంది. దీనికంతటికీ కీలకం విడుదల పత్రం. అది కలెక్టరో సబ్ కలెక్టరో ఇవ్వాలి, మామూలుగా పని చేయించుకున్న చోటే. మా దగ్గరికి ఫోను చేసిన పిల్ల బండెక్కి వచ్చేస్తే చాలు అనుకున్నాం. ఆ కాయితం తీసుకోవాలని ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. ఇంటికొచ్చాక మిల్లులో జరిగినదానికి సాక్ష్యం ఏముంది? దగ్గు ఒక్కటే. దిద్దుకోలేని తప్పు అది, నాదే. ఉచిత న్యాయ సహాయానికి 15100 అనే నంబరు ఉంది, అప్పుడే చేసి ఉండాల్సింది.

బ్లాకు ఆఫీసు గోడ మీద ఒక పోస్టరు ఉండేది. గొలుసులతో కట్టేసిన రెండు చేతులు, కింద ఒడియాలో నాలుగు వరసలు. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. చదవాల్సిన పిల్లకి ఒడియా లిపి సరిగ్గా రాదు. ఇక బొమ్మ. ఎవరి చేతులకీ గొలుసులు వెయ్యరు. హాస్టల్లో మంచం ఇస్తారు, ఆదివారం టీవీ పెడతారు, పండక్కి స్వీటు పంచుతారు. 'నీ ఫోను తాళం వేసిన బీరువాలో ఉందా?' అని బొమ్మ వేస్తే వాళ్ళకి తమ సంగతని తెలుస్తుంది.

మిల్లు లోపల ఏం మారాలి అనేదానికి ఒక నమూనా ఉంది కాబట్టి చెబుతాను. తమిళనాడు దిండిగల్ దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి 2021లో హత్యకు గురైంది. అక్కడి ఆడవాళ్ళ యూనియన్ ఊరుకోలేదు. 2022లో యాజమాన్యంతోనూ, ఆ బట్టలు కొనే విదేశీ బ్రాండ్లతోనూ ఒప్పందం చేసుకుంది. లైన్లలో పనిచేసే ఆడవాళ్ళలోంచే పరిశీలకుల్ని పెట్టి, వేధింపు కనపడగానే వాళ్ళు చెప్పేలా, చెప్పినందుకు ఉద్యోగం పోకుండా ఏర్పాటు చేశారు. దాన్నే దిండిగల్ ఒప్పందం అంటున్నారు. పోలీసులు బయటినుంచి చెయ్యలేని పని పక్క మెషీన్ మీద కూర్చున్న మనిషి చెయ్యగలదు. అయితే మా వైపు పిల్లలు ఆ యూనియన్ దాకా చేరాలంటే ముందు గేటు దాటాలి, ఆ ముందు తామెక్కడున్నారో తెలియాలి.

అందుకే నేను నా బల్ల దగ్గర నుంచే మొదలుపెట్టాను. ఇది పెద్ద ఉద్యమమేం కాదు. గుంపు టికెట్ చెయ్యాలంటే తీసుకుపోయే మనిషి ఆధార్ కాపీ ఇవ్వాలి. నంబరులో మొదటి ఎనిమిది అంకెలు కొట్టేసి, ఫొటో, పేరు, ఊరు కనపడేలా ఆరు కాపీలు తీసి ఆరుగురికీ ఇస్తాను. పని చోటు పేరూ ఊరూ చెప్పకపోతే టికెట్ చెయ్యను. ఏటీఎం కార్డంత లామినేషన్ కార్డు ఒకటి ప్రతి పిల్లకీ ఉచితం: ఒకవైపు మిల్లు పేరు, ఊరు, జిల్లా, రెండోవైపు ఇంటి నంబరు, నా నంబరు, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. అక్షరాలు రాకపోయినా అంకెలు అందరికీ వచ్చు. బ్యాంకు ఖాతాకి ఏ సెల్ నంబరు కలిపి ఉందో చూపించమంటాను. నలుగురిలో ఇద్దరికి ఏజెంటు నంబరే ఉంటుంది. ఖాతా ఆమెది, ఓటీపీ ఆయనది. జీతం పడిందో లేదో ఆమెకి తెలిసే దారే లేదు. నంబరు మార్పించుకున్నాకే రమ్మంటాను.

దీనివల్ల ఏమైందో కూడా చెప్పాలి. గుంపులు తెచ్చే ఏజెంట్లలో సగానికి పైగా నా షాపు మానేశారు. స్టేషన్ రోడ్డులో టికెట్లు చేసే షాపు నాదొక్కటే కాదుగా. మా ఆయన నెలాఖరున లెక్క చూసుకుని ఏమీ అనకుండా రిజిస్టరు మూసేశారు. అందుకే ఇది ఒక షాపు చేసే పనికాదు అంటున్నాను. పంచాయితీలో ఒక రిజిస్టరు ఉంచి, ఎవరు ఎవరితో ఎక్కడికి పోతున్నారో, తీసుకుపోయే మనిషి ఫొటోతో సహా రాయాలి. రాసుకోవడం పర్మిషన్ ఇవ్వడం కాకూడదు, అది మళ్ళీ ఆపడానికే దారి తీస్తుంది. పిన్నిని జైల్లో పెడితే నెల తిరక్కుండా ఇంకో పిన్ని వస్తుంది. ఆవిడ చేత లైసెన్సు తీయించి, ఆవిడ కమిషన్‌ని పిల్ల నిలబడిన రోజులతో ముడిపెట్టకూడదని మిల్లుకి చెబితే, పిల్ల ఏడిస్తే మొదట ఫోను చేసేది ఆవిడే అవుతుంది. అడ్వాన్సు ఇవ్వడం ఆగదు; దాన్ని ఆమె కళ్ళెదురుగా, ఆమెకి అర్థమయ్యే అంకెల్లో, ఆమె దగ్గరుండే పుస్తకంలో రాయించొచ్చు. ఆ సగం జీతం భత్యాన్ని రాష్ట్రాలైనా మళ్ళీ తేవాలని నేను పట్టుబడతాను. నవ్వేవాళ్ళు నవ్వండి.

ఒక్క సంగతి మాత్రం నేను కనిపెట్టింది కాదు, ఆ పిల్లలే కనిపెట్టారు. ఆదివారం వార్డెన్ ఎదురుగా, స్పీకర్ పెట్టించి ఇంటికి మాట్లాడిస్తారట. బాగోలేదని ఎలా చెప్పాలి? ముందే ఒక మాట అనుకున్నారు. "మేక ఈనిందా?" అని అడిగితే ఇక్కడ కష్టంగా ఉంది, ఏదో ఒకటి చెయ్యండి అని అర్థం. ఆ ఊళ్ళో ఒక తల్లి ఈ సంగతి చెబుతూ పకపకా నవ్వింది. వాళ్ళింట్లో మేకే లేదు.

పోయిన ఆగస్టులో ఆ దగ్గు పిల్ల మళ్ళీ షాపుకొచ్చింది. ఇప్పుడు పిల్ల అనకూడదేమో. ఒళ్ళు చేసింది, ముక్కుపుడక పెట్టుకుంది. ఈసారి నూలు మిల్లు కాదట, కుట్టు మిషన్ల ఫ్యాక్టరీ. అడ్వాన్సు తీసుకోలేదు. వెంట ఇంకో ముగ్గురు ఉన్నారు, కానీ ఏజెంటు లేడు. నిరుడు అక్కడికి పోయిన ఊరిపిల్ల పిలిచిందట. నాలుగు ఆధార్‌లు, నాలుగు ఫోన్ నంబర్లు బల్ల మీద పెట్టింది. ఫ్యాక్టరీ పేరు, వీధి పేరు కాయితం మీద రాసి తెచ్చింది. నేను కార్డులు లామినేట్ చేస్తుంటే వేడి వాసనకి ముక్కు మూసుకుంది.

"అప్పా, తిరుగు టికెట్ కూడా ఇప్పుడే చేసెయ్. సంక్రాంతికి ఒచ్చేద్దును."

అరవై రోజుల ముందే గానీ రిజర్వేషన్ తెరవదని, సంక్రాంతికి ఇంకా అయిదు నెలలు ఉందని చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తర్వాత బ్యాగులోంచి డబ్బులు తీసి లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. టికెట్ డబ్బులు నా దగ్గరే ఉంచమంది, బుకింగ్ తెరిచిన రోజున తనే ఫోను చేసి గుర్తు చేస్తానంది. నేను స్టాంపు పక్కనే ఆ మొత్తం, తేదీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె చదువుకుని, "ఇంకో కాపీ తియ్యి, ఇంట్లో ఇచ్చెళ్తాను" అంది.